కట్ట కింద బీరపాదు

ఫిబ్రవరి 9

ప్రతి జలాశయానికీ ఒక మనిషి ఉండాలని చట్టం. ఆ మనిషి తన సొంత మాటల్లో అప్పుడప్పుడూ నాలుగు ముక్కలు నమోదు చెయ్యాలని దాని కింద ఇంకో నిబంధన. మేకలబండ జలాశయానికి ఆ మనిషిని నేను. పేరు ఓబులేసు. కట్టను చూసుకునేది మాత్రం నేను కాదు, కావలి. కట్ట లోపలా పైనా అమర్చిన యంత్రాలన్నిటి తరఫునా నా చెవిలో మాట్లాడే గొంతు పేరు కావలి. నీటిమట్టం అదే చూస్తుంది, కాలువకి ఎంత వదలాలో అదే తేలుస్తుంది. చివర్లో "తెరువు" అనే మాట మాత్రం బతికున్న మనిషి నోటి నుంచి రావాలి. ఎక్కడో ఒక యంత్రం తనంతట తానే గేట్లెత్తేసి ఊళ్ళు ముంచాక పెట్టిన నియమం ఇది. అంటే నా ఉద్యోగం మొత్తం ఒక్క మాట.

ఆ మాటకి తగ్గ గొంతు నాకుంది. ఒకప్పుడు రైళ్ళ రాకపోకలు చదివేవాణ్ణి. తర్వాత ఆ గొంతును యంత్రం నేర్చేసుకుని నన్ను ఇంటికి పంపింది. ఇప్పటికీ రైలెక్కితే నా గొంతే నన్ను తలుపు దగ్గర నిలబడొద్దని గదమాయిస్తుంది. నేను ఇంజనీరింగ్ చదవలేదు, ఈత రాదు, నీళ్ళంటే భయం. ఇవేవీ ఇంటర్వ్యూలో అడగలేదు. మళ్ళీ ఎక్కడ అడుగుతారోనని నేనూ గుర్తుచెయ్యలేదు.

ఈ రోజు విశేషం: మా బీరకాయలు. కట్ట పాదం దగ్గర, అంటే వాలు నేలను తాకే చోట, ఒక చెక్క నేల ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. మబ్బు ముఖం చూసి ఏడాదవుతున్నా అక్కడ గడ్డి ఎండదు. నేను అక్కడ బీరపాదు పెట్టాను, దోస పెట్టాను, నీడకని వాలు మీదే రెండు మునగ చెట్లు నాటాను. నీళ్ళు పొయ్యకుండానే కాస్తున్నాయి. కింద రేవుకాలనీలో ఉండే పల్లాలమ్మకి ఒక గంప పంపాను. సముద్రం పైకొచ్చి కోనసీమను తీసుకుపోయినప్పుడు అక్కణ్ణుంచి లేచి వచ్చినవాళ్ళది రేవుకాలనీ. మా జలాశయంలోనే చేపలు పట్టుకుంటారు. ఆమె వాళ్ళ పెద్ద.

"ఆయ్, ఈ ఎండలో ఇంతింత కాయలా? ఏ మందేశారండీ?" అని అడిగిందామె.

"మందు ల్యా, మాకు ల్యా. హస్తవాసి అక్కా" అన్నాను.

ఫిబ్రవరి 20

పొద్దున్నే కట్ట మీద నడిచాను. పదకొండు దాటితే ఎండ కర్ఫ్యూ, చల్లకోటు లేకుండా బయట కనబడితే జరిమానా. నా చల్లకోటు పోయినేడే చల్లదనం మానేసి ఉత్త కోటయింది.

వాలులో ముళ్ళపంది బొరియలు కొత్తవి కనబడ్డాయి. "కావలీ, పందులు కట్టను తొలుస్తాండాయి" అన్నాను.

"కట్ట క్షేమంగా ఉన్నది. ఆందోళన అనవసరం" అంది కావలి. దాని తెలుగు ఎప్పుడూ శుభలేఖలా ఉంటుంది.

నాకు ఆందోళన అనవసరమని ఎవరైనా చెబితే వెంటనే నమ్మేస్తాను. నా స్వభావంలో అన్నిటికన్నా బలమైన భాగం అదే.

మార్చి 2

నా భార్య తిరుపాలమ్మ దోసకాయలు కోసుకొస్తానని వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చింది. కాళ్ళు మోకాళ్ళ దాకా బురద.

"ఏమయ్యా, తోటలో నీళ్ళు నిలబడినాయి. టీ మాదిరి ఉండాయి" అంది.

"ఎరువు కలిసింటాదిలేమే."

"నువ్వు ఎరువెప్పుడు ఏసినావు?"

వెళ్ళి చూశాను. బీరపాదు మొదట్లో చిన్న పుట్టలా మట్టి లేచింది. దాని నడినెత్తిన నీళ్ళు బుడబుడమంటూ ఉబుకుతున్నాయి, సన్నటి ఇసక కూడా పైకి వచ్చి పక్కలకి జారుతోంది. ఈ కరువు రోజుల్లో బుగ్గ పుట్టడమంటే ఎవరికైనా పండగే. నేను మాత్రం దాన్ని ప్రమాదంగా గుర్తించాను. ఈ ఒక్క వాక్యం దగ్గర నన్ను మెచ్చుకోవచ్చు. తర్వాతి వాక్యం దగ్గర కుదరదు: నాలుగు తట్టల బంకమట్టి తెచ్చి, ఆ బుగ్గలో కూరి, పైన బండరాయి పెట్టి, దాని మీద నేనే కూర్చున్నాను. నీళ్ళు ఆగిపోయాయి.

"సూస్తివా? ఇంజనీర్లు చేసేది కూడా ఇంతే" అన్నాను తిరుపాలమ్మతో.

మార్చి 3

తెల్లారేసరికి రాయి పక్కన రెండు బుగ్గలు, మునగ చెట్టు కింద ఇంకోటి. నీళ్ళు టీ రంగు దాటి చింతపండు పులుసు రంగుకి వచ్చాయి.

"కావలీ, కట్ట లోపల నీటి ఒత్తిడి ఎంతుండాది?"

"ప్రతి ఏటి మాదిరిగానే ఉన్నది."

"కొలిచి చెప్తాండావా, ఊరికే చెప్తాండావా?"

"కట్ట గర్భంలోని కొలమానములు పనిచేయుట మానివేసినవి. బాగున్న సంవత్సరాల సగటును బట్టి అంచనా వేసి చెప్పుచున్నాను."

"ఎన్నాళ్ళాయ మానేసి?"

"మీరు విధుల్లో చేరకముందు నుండి."

"ఈ మాట నాకు యాల చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

అంటే ఇన్నాళ్ళూ నేను కావలి చూస్తోందని నిద్రపోయాను, కావలేమో నిరుటి కలలు చదివి వినిపించింది. జిల్లాకంతటికీ ఒకే డ్యామ్ ఇంజనీరు, హంసవేణి గారు. ఆమెకి కబురు పెట్టాను. "బంకమట్టితో మూశాను మేడమ్" అని గర్వంగానే చెప్పాను. అటువైపు ఆమె పెద్దగా ఊపిరి తీసుకోవడం వినబడింది. "దాన్ని ఇంకేం చెయ్యకండి. రాయి తీసెయ్యండి. వస్తున్నాను" అన్నారు.

మార్చి 5

హంసవేణి గారు బ్యాటరీ ట్రాలీలో వచ్చారు. నలభై దాటిన మనిషి, మాట నెమ్మది. తోట దగ్గర ఆగి ముందు బీరపాదును చూశారు, తర్వాత మునగ చెట్లను, తర్వాత నన్ను.

"ఇవన్నీ ఎవరు పెంచారు?"

"నేనే మేడమ్. నీళ్ళు పొయ్యాల్సిన పనే ల్యా."

"అవును, ఉండదు. జలాశయమే పోస్తోంది కదా."

ఆమె ఒక గాజుగ్లాసులో బుగ్గ నీళ్ళు పట్టి రాయి మీద పెట్టారు. కాసేపటికి గ్లాసు అడుగున ఎర్రటి మట్టి పేరుకుంది.

"మట్టికట్ట అన్నాక కొంచెం ఊట ఉంటుంది, అది తప్పు కాదు. తేటగా వస్తే నీళ్ళు మాత్రమే పోతున్నట్టు. ఇలా వచ్చిందంటే కట్ట కడుపులో మట్టి కొట్టుకుపోతున్నట్టు. లోపల సన్నటి సొరంగం పడింది. మీరు బయటి మూతి మూసేసరికి నీళ్ళు ఇంకో దారి తవ్వుకున్నాయి." ఆమె గ్లాసు పారబోసి, "ఈ కట్ట మా ముత్తాత పుట్టకముందు కట్టింది. ఇన్నేళ్ళు నిలవడమే గొప్ప" అన్నారు.

నన్ను తిడతారని చూశాను. తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

సాయంత్రం దాకా ఆమె చెప్పినట్టు పనిచేశాం. బుగ్గ చుట్టూ ఇసక బస్తాలతో బావిగోడలా కట్టాం. లోపల అడుగున ఇసక, దాని మీద కంకర, పైన రాళ్ళు. నీళ్ళు పోవాలి, మట్టి పోకూడదు, అదీ సూత్రం. వినడానికి ఎంత తేలికో, బస్తా భుజాన పెట్టుకున్నప్పుడు అంత బరువు.

"ఇది నాలుగు రోజులు ఆపుతుంది, అంతే. జలాశయం సగానికి దించాలి. పైనున్న నీటి బరువు తగ్గితేనే కట్ట నిలుస్తుంది" అన్నారు హంసవేణి గారు.

జూలై దాకా వాన లేదు. బోర్లు ఎప్పుడో చచ్చాయి. రేవుకాలనీకీ, కాలువ వెంబడి ఊళ్ళకీ తాగడానికి ఉన్నవి ఈ నీళ్ళే.

మార్చి 6

కాలనీ సమావేశం. చేపలు ఎండబెట్టే షెడ్డులో జనం కిక్కిరిశారు. హంసవేణి గారు విషయం సూటిగా చెప్పారు. పల్లాలమ్మ లేచి నిలబడింది. డెబ్భై దగ్గరపడిన మనిషి, వెన్ను తాటిచెట్టంత నిటారు.

"ఓపాలి నీల్లొచ్చి మా ఊరు ఒట్టుకెల్లిపోయాయండీ. ఇప్పుడు ఈ నీల్లు మా సేత్తో మేమే ఒదిలెయ్యాలా? పిల్లలు ఏం తాగుతారండీ మే నెలలో?"

షెడ్డంతా హోరెత్తింది. ఇలాంటప్పుడే నా గొంతు పనికొస్తుందని నాకు ఎప్పటి నుంచో నమ్మకం. ఎక్కడో ఒకచోట నిలబడి జనాన్ని ఊపెయ్యాలన్నది నా చిరకాల వాంఛ. బల్లెక్కాను. "సోదర సోదరీమణులారా" అని మొదలుపెట్టాను. వెనక నుంచి ఎవరో, "బండి ఎన్నో నంబరు ప్లాట్‌ఫారమండీ?" అన్నారు. అందరూ నవ్వారు. నేను అరిచాను, వాళ్ళూ అరిచారు, నేను ఇంకా గట్టిగా అరిచాను. కట్ట మహిమ, పూర్వుల త్యాగం, అన్నీ చెప్పాను. ఏదీ ఎక్కలేదు.

చివరికి గొంతు బొంగురుపోయి, ఇంకేం తోచక, ఉన్నమాట చెప్పాను. "అక్కా, నేను పంపిన బీరకాయలు మీరందరూ తిన్నారే, అవి హస్తవాసి కాదు. కట్ట కారతాంటే దాని కింద తోట ఏసుకున్న్యా. కారేది నాకు కనపల్యా, కాయలు కనపడినాయి."

నవ్వు ఆగింది. పల్లాలమ్మ నా వైపు చూసింది. "మీరుండేది కట్ట మీదే కదండీ? గండి పడితే మీకేటవుద్ది?"

"నాకేం కాదక్కా. నా ఇల్లు ఎత్తులో ఉండాది. పొద్దున్నే లేచి కిందికి చూస్తే మీరుండరు. అంతే."

ఆమె చెప్పులేసుకుని కట్ట వైపు నడిచింది. మేమంతా వెనకే వెళ్ళాం. బస్తాల గోడ పక్కన కూర్చుని బుగ్గలోకి చెయ్యి పెట్టి, వేళ్ళ మధ్య మట్టిని నలిపి చాలాసేపు చూసింది.

"పిల్లల్నీ ముసలోల్లనీ కొండ మీద బడికి పంపేద్దాం," అంది లేస్తూ. "రేపు పొద్దున్నే ఒదిలెయ్యండి."

మార్చి 7

కట్ట మీద జనమంతా చూస్తుండగా నా జీవితంలో మొదటిసారి నా మాటకి నిజమైన విలువ వచ్చింది. గంభీరంగా నిలబడి నోరు తెరిచాను. పిల్లి కక్కినట్టు ఏదో శబ్దం వచ్చింది. నిన్నటి ఉపన్యాసం నా గొంతును మింగేసింది.

"ఈ స్వరము ఓబులేసు గారిది కాదు," అంది కావలి. "అనధికార వ్యక్తులు దయచేసి తప్పుకొనగలరు."

వేడినీళ్ళు తాగాను. మిరియాలు నమిలాను. తిరుపాలమ్మ నా మెడకి నూనె రాసింది. కావలి పది సార్లూ అదే చెప్పింది. ఎవరో తెలివిగా రైల్లో వచ్చే నా పాత ప్రకటన వినిపిద్దామన్నారు. "ఇది యంత్రము పలికిన మాట, చెల్లదు" అంది ఆ యంత్రం. కొత్త మనిషి గొంతు నమోదు చేయించాలంటే పై నుంచి అనుమతి రావాలి, దానికి వారం పడుతుంది. హంసవేణి గారు ఎవరెవరితోనో గట్టిగా మాట్లాడారు, ఫోను మూసి కట్ట అటు చివరకి చూశారు.

"పాత తూము ఉంది కదా? చేత్తో తిప్పేది?"

ఉంది. కట్టతోపాటు పుట్టింది. దాని ఇనప చక్రం తుప్పు పట్టి రాయిలా బిగుసుకుంది. నూనె నేను పోశాను, ఇంకేమీ చేతకాదు కనక. కాలనీవాళ్ళు పడవ మోకులు తెచ్చి చక్రానికి చుట్టారు. ఆడా మగా రెండు వరసల్లో నిలబడ్డారు. పల్లాలమ్మ ముందు నిలబడి "హైలెస్సా" అంది, వాళ్ళంతా "హైలెస్సా" అని లాగారు. చక్రం కదల్లేదు. మళ్ళీ లాగారు. ఎండ నెత్తికెక్కింది. కావలి లౌడ్‌స్పీకరులో, "కర్ఫ్యూ ఉల్లంఘన జరుగుచున్నది, అందరూ నీడకు వెళ్ళగలరు" అని మొదలుపెట్టింది. ఒక ముసలి జాలరి దానికి ఇచ్చిన సమాధానం ఇక్కడ నమోదు చెయ్యడానికి నిబంధనలు ఒప్పుకోవు.

మధ్యాహ్నం వేళ చక్రం కీచుమంది. ఒక చుట్టు తిరిగింది. తర్వాత ఇంకోటి. కింద చీకటి నోట్లోంచి నీళ్ళు ఉరుములా బయటికొచ్చి పాత వాగులో పడ్డాయి. అంత అరుపుల మధ్య కొందరు ఏడవడం చూశాను. అవి మే నెలలో తాగాల్సిన నీళ్ళు.

ఆ తర్వాత జరిగినదాని గురించి కాలనీలో ఒక కథ తిరుగుతోంది. అందులో నేను వీరుణ్ణి. ఇది చట్టబద్ధమైన నమోదు కనక నిజం రాస్తున్నాను.

మూడు గంటల వేళ, మేమంతా కట్ట కిందికి దిగి బుగ్గను చూస్తుండగా, బస్తాల గోడ పక్కన నేల ఒక్కసారిగా ఉబికి పగిలింది. ఎర్రటి నీళ్ళు మనిషెత్తున లేచాయి. పైన కట్ట అంచు కుంగి బీట వారింది. హంసవేణి గారు "ఎడమవైపుకి పరుగెత్తండి!" అని అరిచారు. అందరూ ఎడమకి పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. కానీ భయంలో నాకు ఎడమేదో కుడేదో తెలియలేదు. తల వంచుకుని, కళ్ళు మూసుకుని, ప్రాణమంతా కాళ్ళలో పెట్టుకుని నేరుగా ఇసక బస్తాల కుప్ప మీదికి పోయి పడ్డాను. లేవబోతూ పట్టు కోసం ఒక బస్తాను వాటేసుకున్నాను. అది జారింది, దానితోపాటు నేనూ జారాను, ఇద్దరం కలిసి దొర్లుకుంటూ పోయి ఆ బుగ్గ అంచున పడ్డాం.

వెనక్కి తిరిగి చూసిన జనానికి ఒక మనిషి బస్తా ఎత్తుకుని ఒంటరిగా గండికి ఎదురెళ్ళినట్టు కనబడింది.

"ఓబులేసు గారు ఎల్లిపోయారురోయ్!" అని ఎవరో అరిచారు. పల్లాలమ్మ వెనక్కి తిరిగింది. ఆమె తిరిగితే కాలనీ తిరుగుతుంది. "ఆగండి, వద్దు" అని హంసవేణి గారు మొదట అరిచారు, వాళ్ళు ఆగరని తెలిశాక తనే బురదలోకి దిగి, "బస్తాలు గుండ్రంగా! ఇసక ముందు, కంకర తర్వాత! మట్టి వెయ్యొద్దు!" అని పురమాయించారు. చేతి నుంచి చేతికి బస్తాలు వచ్చాయి. నేను వెళ్ళిపోదామని రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ ఎవరో నా చేతుల్లో బస్తా పెట్టారు. వెనక్కి వెళ్ళడానికి చోటు లేదు, అంతమంది ఉన్నారు. కాళ్ళ కింద నేల పెద్ద జంతువు ఊపిరి తీస్తున్నట్టు కదులుతోంది. నేను నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. గొంతు లేదు కనక, దాన్నీ ధైర్యంగా మౌనం పాటించడం అనుకున్నారు.

పొద్దు వాలే వేళకి జలాశయం నిలువెత్తు దిగింది. ఊట వేగం తగ్గింది. కట్ట నిలిచింది.

మార్చి 15

ఊట తేటపడింది. హంసవేణి గారు గ్లాసు పట్టి, ఎండకెత్తి చూసి, ఆ నీళ్ళు తాగేశారు. అప్పటిదాకా ఆమె భయపడుతున్నారని నాకు తెలియలేదు.

నీటిచీటీలు మొదలయ్యాయి. మనిషికి రోజుకి నాలుగు బిందెలుండేది రెండయింది. కాలువ చివరి ఊళ్ళవాళ్ళు వచ్చి తిట్టి వెళ్ళారు, నిలబడి విన్నాను. వేళ్ళు కట్టను తొలుస్తాయని మునగ చెట్లు మొదలంటా తీసేశాం, బొరియలు తవ్వి గట్టిగా మట్టి కొట్టాం. వానలయ్యాక కట్టను ఆ మేరకు కోసి మళ్ళీ కడతారట. వెళ్ళేముందు హంసవేణి గారు కావలికి ఒక కొత్త మాట నేర్పారు. ఈ పొద్దు "కట్ట ఎట్లుండాది?" అనడిగితే, "తెలియదు. మీరు వెళ్ళి చూడగలరు" అంది. రోజుకి రెండు పూటలా వెళ్ళి చూస్తున్నాను. నడుము నొప్పి.

పల్లాలమ్మకి ఆ రోజు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను, ఎడమా కుడీ తెలియక అటు పోయానని.

"నాకు తెల్సండీ. మీ మొకం సూశాను," అంది. "అయినా జనానికి చెప్పకండి. ఈ యేసవి గడవాలి కదా."

ఏప్రిల్ 18

నీళ్ళు దిగి దిగి ఈ నెల మొదట్లో జలాశయం నడుమ గోడలు తేలాయి. పాత మేకలబండ. కట్ట కట్టినప్పుడు ఖాళీ చేయించిన ఊరు. పైకప్పులు లేవు. రాతి గడపలు, వాకిళ్ళు, వీధులు, ఒక ఇంటి ముందు రోలు. వాటన్నిటి మీదా చీలమండ లోతు ఒండ్రు ఎండి బీటలు వారింది.

పొద్దున్నే పల్లాలమ్మ అక్కడికి వెళ్ళడం చూసి నేనూ వెళ్ళాను. ఆమె ఒక గడప మీద కూర్చుంది.

"ఎవరిదండీ ఈ ఇల్లు?"

నా గొంతు పూర్తిగా తిరిగొచ్చింది. మామూలుగా అయితే ఆ ఇంటి వంశవృక్షం అల్లి వినిపించేవాణ్ణి. "తెలీదక్కా" అన్నాను.

ఆమె కొంగుతో గడప మీది ఒండ్రు తుడిచింది. "మా ఊరు సముద్రం లాక్కుంది. ఈల్లు మనకి నీల్లివ్వడం కోసం లేచెల్లిపోయారు. ఎక్కడికెల్లారో మనం ఎప్పుడన్నా అడిగామా?"

కాసేపటికి కాలనీ ఆడవాళ్ళు చీపుళ్ళు, పారలు పట్టుకుని వచ్చారు. ఆమె ముందే చెప్పి ఉంచిందన్నమాట. వీధి ఊడవడం మొదలుపెట్టారు.

"అక్కా, జూలైలో వానొస్తే మళ్ళా మునిగిపోతాది. ఇప్పుడు ఊడ్చి ఏం లాభం?"

ఆమె నడుం వంచి ఊడుస్తూనే ఉంది. "మా ఇంటి నుంచి వచ్చేసిన రోజు నీల్లు వాకిట్లోకి వచ్చేశాయండీ. ఊడవకుండానే వచ్చేశాను," అంది. ఇంకో చీపురు నా చేతిలో పెట్టింది.

ఎండ ముదిరేదాకా ఊడ్చాను. ఆ వాకిలి నేను ఊడ్చింది బాగాలేదని ఆమె మళ్ళీ ఊడ్చింది.